సగం ఖర్చు ప్రభుత్వానిదైతే మిగతా సగం ఎవరిది?

ప్రశ్న:

మాది కాకినాడ దగ్గర ఒక పల్లె. 2008లో డ్రాఫ్ట్స్‌మన్‌గా సింగపూర్ వచ్చాను. పదేళ్లు రెండు మూడు ఆఫీసుల్లో పనిచేశాక ఒక మలేషియా మిత్రుడితో కలిసి సొంతంగా చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఆర్కిటెక్టులకూ, ప్రొఫెషనల్ ఇంజనీర్లకూ డ్రాయింగులు తయారుచేసి ఇవ్వడం మా పని. ఇక్కడ ఆరుగురం ఉన్నాం. పని ఎక్కువైనప్పుడు విజయవాడలో మా తమ్ముడు నడిపే డ్రాఫ్టింగ్ ఆఫీసుకు కొంత పంపుతాం. ఏడాదికి సుమారు ఏడు లక్షల సింగపూర్ డాలర్ల వ్యాపారం. నాకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది, కంపెనీలో నా వాటా 40 శాతం. మిగతా 60 శాతం మిత్రుడిది, ఆయనకు ఇక్కడ పీఆర్ లేదు. ఇప్పటికీ మేం ఆటోక్యాడ్‌లో టూడీ డ్రాయింగులే గీస్తున్నాం. ఈ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ వెండరు వచ్చి, బిమ్ (భవనాన్ని ఉత్త గీతలుగా కాక, వివరాలన్నీ ఉన్న మోడలుగా తయారుచేసే పద్ధతి) సాఫ్ట్‌వేరుకు సగం ఖర్చు ప్రభుత్వం గ్రాంటుగా ఇస్తుందనీ, మిగతా సగంలో కూడా కొంత తామే సర్దుతామనీ, పది లైసెన్సులు తీసుకుంటే ఆరు ఇక్కడ, నాలుగు విజయవాడలో వాడుకోవచ్చనీ చెప్పాడు. ముందుగా రెండు వేల డాలర్లు అడ్వాన్సు కట్టమంటున్నాడు. ఇంకా కట్టలేదు. నా వాటాలోంచి 15 శాతం తమ్ముడికి ఇచ్చి భాగస్వామిని చేద్దామన్న ఆలోచన కూడా ఉంది. గ్రాంటు తీసుకోమంటారా, వద్దంటారా?

సమాధానం:

గ్రాంటు తీసుకోండి. అయితే ఆ వెండరు చెప్పిన పద్ధతిలో వద్దు, అతను చెప్పిన సంఖ్యలో అసలే వద్దు. మీ ఉత్తరంలో నాలుగు చోట్ల నాకు భయం వేసింది: అడ్వాన్సు దగ్గర, సర్దుబాటు దగ్గర, విజయవాడ లైసెన్సుల దగ్గర, తమ్ముడి వాటా దగ్గర. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మీకు గ్రాంటు రాకపోవచ్చు, లేదా వచ్చిన గ్రాంటు మెడకు చుట్టుకోవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా చూసి, ఆ తరువాత మీరు అడగని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్నకు వస్తాను.

మీ వెండరు చెబుతున్నది ప్రొడక్టివిటీ సొల్యూషన్స్ గ్రాంట్ గురించి అయి ఉంటుంది. అందరూ పీఎస్‌జీ అనే ఈ పథకం 2018లో మొదలైంది. నిర్మాణ రంగానికి ఇలాంటి సాయం అంతకుముందు లేదని కాదు. 2010లోనే సింగపూర్ ప్రభుత్వం నిర్మాణ రంగపు ఉత్పాదకత కోసం 25 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టి, అందులోంచి బిమ్ నేర్చుకునే సంస్థలకు సాఫ్ట్‌వేరుకూ, శిక్షణకూ డబ్బిచ్చింది. ఆ వెనుకే నిబంధన వచ్చింది. 20,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాల ఆర్కిటెక్చర్ ప్లాన్లను 2013 జూలై నుంచీ, వాటి ఇంజనీరింగ్ ప్లాన్లను 2014 జూలై నుంచీ, 5,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాల ప్లాన్లన్నిటినీ 2015 జూలై నుంచీ బిమ్ రూపంలోనే ఇవ్వాలన్నారు. ముందు బెల్లం చూపించి తరువాత బెత్తం పట్టుకోవడం ఇక్కడి ప్రభుత్వం పద్ధతి. దాన్ని నేను తప్పు పట్టను, ఎందుకంటే రెండూ ఎప్పుడు వస్తాయో ముందే చెబుతారు. కోవిడ్ కాలంలో పీఎస్‌జీ కింద 80 శాతం దాకా ఇచ్చి, 2022 ఏప్రిల్‌లో 70కి, 2023 ఏప్రిల్‌లో 50కి తగ్గించారు. ఆ 80 శాతం రోజుల్లో వెండర్లకు పట్టిన అలవాట్లు కొన్ని ఇంకా పోలేదు. మీ దగ్గరికి వచ్చినాయన మాటల్లో ఆ వాసన తగులుతోంది.

ముందు ఆ సర్దుబాటు సంగతి. సాఫ్ట్‌వేరు ధర పన్నెండు వేలని ఇన్‌వాయిస్ రాసి, మీ చేత పన్నెండు వేలు కట్టించుకుని, వెనుక దారిలో మూడు వేలు మీకు తిరిగి ఇస్తే, మీరు నిజంగా పెట్టిన ఖర్చు తొమ్మిది వేలే. ప్రభుత్వం మాత్రం పన్నెండు వేలలో సగం ఇస్తుంది. అంటే మీరూ అతనూ కలిసి ప్రభుత్వానికి తప్పుడు లెక్క చూపించినట్టు. దానికి డిస్కౌంటు, క్యాష్‌బ్యాక్, రిబేటు, దీపావళి కానుక అని ఏ పేరు పెట్టినా చట్టం దృష్టిలో అది మోసం. సింగపూర్ శిక్షాస్మృతిలో మోసానికి పదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఇలాంటి వ్యవహారం బయటపడినప్పుడు వెండరు పేరును ప్రభుత్వ ఆమోదిత జాబితాలోంచి తీసేయడంతో కథ ముగియదు, డబ్బు తీసుకున్న చిన్న సంస్థల యజమానులను కూడా పిలిచి ప్రశ్నిస్తారు. పీఆర్ మీద ఉన్న మనిషికి ఆ పిలుపు ఎంత బరువో నేను వేరే చెప్పక్కరలేదు. వెండరుకు నిజంగా ధర తగ్గించాలని ఉంటే ఆ తగ్గింపు కొటేషన్లోనే, ఇన్‌వాయిస్‌లోనే కనబడాలి. తగ్గిన ధర మీదే గ్రాంటు లెక్క కట్టాలి. అలా చేస్తారా అని అడిగి చూడండి, సమాధానం మీకే తెలుస్తుంది.

ఇక అడ్వాన్సు. పీఎస్‌జీలో చాలామంది చిన్న వ్యాపారులు కాలు జారేది ఇక్కడే. దరఖాస్తు పెట్టకముందే వెండరుతో ఒప్పందం మీద సంతకం చేసినా, డిపాజిట్ కట్టినా, చివరికి కొంత డబ్బు బదిలీ చేసినా ఆ కొనుగోలుకు గ్రాంటు అడిగే అర్హత పోతుంది. ఎందుకంటే గ్రాంటు ఉద్దేశం మీరు ఎలాగూ చేసే ఖర్చుకు బహుమతి ఇవ్వడం కాదు, చేయని పనిని చేయించడం. మీరు ఇంకా కట్టలేదని రాశారు గనుక బతికిపోయారు. సరైన వరుస ఇలా ఉంటుంది. గోబిజినెస్ అనే ప్రభుత్వ సైటులో నిర్మాణ రంగం కింద ఉన్న ఆమోదిత జాబితా తెరిచి, ఆ వెండరు పేరూ, అతను చెబుతున్న ప్యాకేజీ పేరూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడాలి. జాబితాలో ఆ వెండరుదే వేరే ప్యాకేజీ ఉండి మీకు అమ్ముతున్నది లేకపోతే, దానికి గ్రాంటు లేదని అర్థం. ఉంటే, ఆ ప్యాకేజీకి ఇచ్చిన నమూనాలో కొటేషన్ తీసుకుని, కార్ప్‌పాస్‌తో, అంటే ప్రభుత్వ సైట్లకు మీ కంపెనీ లాగిన్‌తో, బిజినెస్ గ్రాంట్స్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. ఆమోదం వచ్చి, వాళ్లు పంపిన ఆఫర్ ఉత్తరాన్ని మీరు పోర్టల్లో అంగీకరించిన తరువాత సంతకాలూ చెల్లింపులూ చేసుకుంటే ఏ గొడవా ఉండదు. దరఖాస్తు పెట్టడం మీ కంపెనీ పని, మీ పాస్‌వర్డుతో చేయవలసిన పని. 'మీరు లాగిన్ ఇవ్వండి సార్, మేం చూసుకుంటాం' అనే వెండరుకు లాగిన్ ఇవ్వకండి.

ఇది ముందు పెట్టి తరువాత తీసుకునే డబ్బు అని కూడా గుర్తుంచుకోవాలి. ఉదాహరణకు ప్యాకేజీ ధర 12,000 డాలర్లు అనుకోండి. దాని మీద 9 శాతం జీఎస్‌టీ 1,080. మీరు మొత్తం 13,080 కట్టాలి, సాఫ్ట్‌వేరు పెట్టించుకుని వాడుతున్నట్టు రుజువులు ఇవ్వాలి, ఆ తరువాతే క్లెయిము. జీఎస్‌టీకి గ్రాంటు వర్తించదు గనుక మీకు తిరిగి వచ్చేది 6,000. మీ ఏడాది వ్యాపారం పది లక్షల డాలర్ల లోపే ఉంది గనుక మీరు జీఎస్‌టీ నమోదు చేసుకుని ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఆ 1,080 కూడా మీ జేబులోంచే పోతుంది. అంటే చివరికి మీ చేతి నుంచి పడేది 7,080, ప్యాకేజీ ధరలో 59 శాతం. పైగా క్లెయిము సొమ్ము చేతికి వచ్చేదాకా 13,080 మీ ఖాతాలో లేనట్టే. ఆరుగురికి జీతాలివ్వాల్సిన ఆఫీసులో ఆ నెలలు ఎలా గడుస్తాయో ముందే కాగితం మీద వేసుకోండి.

వాటా సంగతి మీరు ఉత్తరం చివర మామూలుగా రాసేశారు గానీ అది చాలా పెద్ద విషయం. పీఎస్‌జీకి అర్హత కావాలంటే కంపెనీలో కనీసం 30 శాతం వాటా సింగపూర్ పౌరుల చేతిలోనో, పీఆర్‌ల చేతిలోనో ఉండాలి. మధ్యలో వేరే కంపెనీ పేరున్నా, చివరికి ఆ వాటా ఏ మనిషిదో చూసి లెక్కకడతారు. ఇప్పుడు మీ 40 శాతంతో ఆ షరతు సునాయాసంగా దాటుతున్నారు. అందులో 15 శాతం విజయవాడలో ఉన్న తమ్ముడి పేర రాస్తే మీకు మిగిలేది 25. ఒక్క సంతకంతో కంపెనీ గీతకు కిందపడుతుంది. తమ్ముడికి వాటా ఇవ్వాలనే ఉంటే, పది శాతానికి మించకుండానైనా చూసుకోండి, లేదా ఆ వాటా మిత్రుడి 60 శాతంలోంచి వచ్చేలా మాట్లాడుకోండి. ఏదైనా సరే, దరఖాస్తుకూ క్లెయిముకూ మధ్యలో మాత్రం వాటాలు కదిలించకండి. ఇది ఈ ఒక్క గ్రాంటుతో పోయేది కాదు, ఇక్కడి చిన్న సంస్థలకు ఇచ్చే చాలా సాయాలకు ఇదే 30 శాతం గీత ఉంటుంది.

విజయవాడలో నాలుగు లైసెన్సుల మాట పూర్తిగా మరిచిపోండి. గ్రాంటుతో కొన్నది, అద్దెకు తీసుకున్నది, చందా కట్టినది ఏదైనా సింగపూర్‌లోనే వాడాలన్నది షరతు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఆ మనిషి ఎక్కడి నుంచి లాగిన్ అవుతున్నాడో సాఫ్ట్‌వేరు కంపెనీ లెక్కల్లో ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు ఈ పదిమంది పేర్లూ మీ జీతాల పట్టికలో ఉన్నాయా అని అడిగితే, నాలుగు పేర్లు బెంజి సర్కిల్ దగ్గర తేలడం బాగుండదు. తమ్ముడి ఆఫీసుకు కావలసినవి తమ్ముడే అక్కడి ధరకు, అక్కడి బిల్లుతో కొనుక్కోవాలి. మీరు అతనికి పని పంపడం తప్పు కాదు, గ్రాంటు సామాను పంపడమే తప్పు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. మీకు ఈ సాఫ్ట్‌వేరు ఎందుకు? సగం ధరకు వస్తోందనా, లేక పని అడుగుతోందనా? ఉత్తరమంతా చదివితే సగం ధర గురించే ఉంది, పని గురించి ఒక్క వాక్యం లేదు. అది వెండరు మీ చేత రాయించిన ఉత్తరంలా అనిపించింది, ఏమీ అనుకోకండి.

పని అడుగుతోందనడానికి కారణం లేకపోలేదు. దాని పేరు కోరెనెట్ ఎక్స్, భవనాల ప్లాన్లను ఆమోదానికి సమర్పించే కొత్త పద్ధతి. ప్లాన్ల ఆమోదం కోసం ఇదివరకు భవన నిర్మాణాన్ని నియంత్రించే బీసీఏకు ఒక సెట్టు, అగ్నిమాపక శాఖకు ఒకటి, నీటి సంస్థ పీయూబీకి ఒకటి, రవాణా సంస్థ ఎల్‌టీఏకు ఒకటి ఎవరికి వారికి విడివిడిగా పంపి, ఒకరి వ్యాఖ్యకు మార్పు చేస్తే అది ఇంకొకరి వ్యాఖ్యకు విరుద్ధమై, నెలల తరబడి తిరిగిన రోజులు మీకూ తెలుసు. 2023 డిసెంబరులో మొదలైన ఈ కొత్త పద్ధతిలో ఆర్కిటెక్టూ, స్ట్రక్చరల్ ఇంజనీరూ, ఎం అండ్ ఈ (మెకానికల్, ఎలక్ట్రికల్) ఇంజనీరూ ముందు తమలో తాము సరిచూసుకుని, ఒకే సమన్వయ మోడలును డిజైన్ గేట్‌వే, నిర్మాణ గేట్‌వే, పూర్తి గేట్‌వే అనే మెట్ల దగ్గర సమర్పిస్తారు. శాఖలన్నీ కలిసి 20 పనిదినాల్లో ఉమ్మడిగా జవాబిస్తాయి. 30,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కొత్త ప్రాజెక్టులకు 2025 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. మిగిలిన కొత్త ప్రాజెక్టులన్నిటికీ 2026 అక్టోబరు 1 గడువు. సరళమైన చిన్న పనులకు గేట్‌వేలు లేని నేరు సమర్పణ దారి వేరే ఉంది.

అందుకే నా మొదటి సలహా: గత రెండేళ్లలో మీరు చేసిన పనుల జాబితా తీయండి. ప్రతి పని పక్కన, అదే పని కొత్త పద్ధతిలో వస్తే గేట్‌వేల గుండా వెళ్తుందా, నేరు దారిలో వెళ్తుందా అని రాయండి. మీకు తెలియకపోతే ఆ ప్రాజెక్టు క్వాలిఫైడ్ పర్సన్‌ను, అంటే దాని మీద సంతకం చేసిన ఆర్కిటెక్టునో ఇంజనీరునో అడగండి. ఇరవైలో పదిహేను గేట్‌వేల గుండా వెళ్లేవైతే మీకు ఎంచుకునే వీలు లేదు, మారాల్సిందే. ఇరవైలో మూడే అయితే రెండు లైసెన్సులు సరిపోతాయి, తొందర కూడా లేదు. ఈ లెక్కకు ఒక సాయంత్రం చాలు. పది లైసెన్సుల మాట వెండరు ఏ లెక్క చూసి చెప్పాడో నాకు అంతుపట్టలేదు.

మారడమంటే టూడీ గీతకు ఎత్తు కలపడం అని మీ కుర్రాళ్లు అనుకోకుండా చూడండి. ఒక తలుపును తీసుకోండి. మీ ఆటోక్యాడ్ డ్రాయింగులో ఆ తలుపు ఒక గీత, ఒక చాపం, పక్కన 'డీ3' అనే గుర్తు. షెడ్యూలులో డీ3 ఎదురుగా 'ఒక గంట ఫైర్ రేటెడ్' అని టెక్స్టు. దాన్ని కన్నుతో చదివి అర్థం చేసుకునే అధికారి ఉన్నంతకాలం అది చాలు. కొత్త పద్ధతిలో మోడలును ఐఎఫ్‌సీ-ఎస్‌జీ అనే, ఇక్కడి శాఖలు కోరే ఫైలు రూపంలో ఇవ్వాలి. అందులో ఆ ఒక గంట అనేది తలుపు అనే వస్తువుకు అగ్ని నిరోధం అన్న గడిలో, అనుకున్న పద్ధతిలోనే రాసి ఉండాలి. టెక్స్టుగా పక్కన రాస్తే యంత్రానికి అది కనబడదు, దాని లెక్కలో ఆ తలుపుకు అగ్ని నిరోధమే లేదు. గదికి పేరు, మెట్టుకు ఎత్తు, పార్కింగు గడికి కొలత, అన్నీ ఇంతే. ఇక మోడలు మొత్తం సింగపూర్ ఎస్‌వీవై21 నిర్దేశాంకాల మీద, ఇక్కడి ఎత్తు ప్రమాణం మీద నిలబడాలి. ఆఫీసులో సున్నా, సున్నా దగ్గర మొదలుపెట్టి కట్టిన బొమ్మను చివర్లో లాక్కెళ్లి అక్కడ పెడదామనుకుంటే, స్ట్రక్చరల్ వాళ్ల స్తంభాలు ఒకచోట, మీ గోడలు ఇంకొకచోట తేలతాయి. ఇదంతా మనిషి చేయాల్సిన పని, సాఫ్ట్‌వేరు దానంతట అది చేసిపెట్టదు. అందుకు కావలసిన ఐఎఫ్‌సీ-ఎస్‌జీ నమూనా ఫైళ్లు రెవిట్, ఆర్కిక్యాడ్, టెక్లా వంటి బిమ్ సాఫ్ట్‌వేర్లకు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని 'మా ప్రత్యేక టెంప్లేట్' అని వెల కట్టి అమ్మజూపే వెండరు కనబడితే నవ్వి వచ్చేయండి.

నేను ఒకప్పుడు పనిచేసిన చిన్న కన్సల్టెన్సీ ఒకటి ఇలాగే గ్రాంటు మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఎనిమిది లైసెన్సులు కొన్నది. పెట్టించిన రోజు అందరం కలిసి లడ్డూలు తిన్నాం. రెండు రోజులు శిక్షణ జరిగింది. మూడో రోజు ఒక సబ్మిషన్ గడువు నెత్తిమీద పడితే అందరం మళ్లీ ఆటోక్యాడ్ తెరిచాం, ఎందుకంటే చేతికి అలవాటైనది అదే. తనిఖీ ఫోటోల కోసం ఒక కంప్యూటర్లో ఒక చిన్న ఇంటి మోడలు ఎప్పుడూ తెరిచి ఉండేది. ఏడాది తిరిగాక చందా పునరుద్ధరణ బిల్లు వచ్చింది, దానికి గ్రాంటు లేదు, మొత్తం ధర. ఎనిమిదిలో ఆరింటిని వదిలేశాం. మిగిలిన ఇద్దరిలో ఒకమ్మాయి మాత్రం రాత్రిళ్లు కూర్చుని నిజంగా నేర్చుకుంది, మరుసటి ఏడాదికి మా ఆఫీసు బిమ్ పనంతా ఆమె చేతి మీదే నడిచింది. ఆమెకు ఆ మొదటి ఏడాది పని తగ్గించి నేర్చుకునే సమయం ఇచ్చి ఉంటే మిగతా ఆరు లైసెన్సుల డబ్బూ మిగిలేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

గ్రాంటు మోసేది ప్యాకేజీలో రాసి ఉన్న కాలాన్నే. రెండో ఏడాది చందా మీదే, మనుషులు నేర్చుకునే గంటలూ మీవే, మొదటి రెండు ప్రాజెక్టులు నత్తనడక నడిచినప్పుడు పోయే లాభం కూడా మీదే. శీర్షికలో నేను అడిగిన మిగతా సగం అది. అందుకే రెండో ఏడాది పూర్తి ధరకు కూడా ఉంచుకుంటామని ఈరోజు చెప్పగలిగిన లైసెన్సులే కొనండి. మీ ఆఫీసుకు నేనైతే రెండుతో మొదలుపెడతాను. ఆరుగురిలో ఓపికా ఆసక్తీ ఉన్న ఇద్దరిని ఎంచుకుని, వాళ్లను బీసీఏ అకాడమీ బిమ్ కోర్సుకు పంపండి. ఎవరికి ఎంత ఫీజు రాయితీ వస్తుందో చేరేముందే అడగండి, పౌరులకూ పీఆర్‌లకూ ఉన్నది వర్క్ పాస్ మీద ఉన్నవాళ్లకు ఉంటుందని అనుకోవద్దు. మొదటి ప్రాజెక్టుగా గడువు లేని పాత పనిని, ఆమోదం కూడా అయిపోయినదాన్ని తీసుకుని మోడలు కట్టించండి. జవాబు ముందే తెలిసిన లెక్క చేసినట్టు, ఎక్కడ తప్పుతున్నారో వాళ్లకే తెలుస్తుంది. ఆ తరువాతే నిజమైన పని ఇవ్వండి. వాళ్లిద్దరికీ జీతం కొద్దిగా పెంచండి కూడా. నేర్చుకున్నవాళ్లను పక్క ఆఫీసు ఎత్తుకుపోవడం ఇక్కడ మామూలే, దానికి ఏ గ్రాంటూ లేదు.

మీ ప్రత్యేక అవసరానికి తగ్గట్టు మొత్తం పని విధానాన్నే మార్చే పెద్ద ప్రాజెక్టులకు ఎంటర్‌ప్రైజ్ డెవలప్‌మెంట్ గ్రాంట్ అని వేరేది ఉంది. దాని కాగితాల బరువు ఆరుగురి ఆఫీసు మోయలేదు, ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి. అంతకన్నా దగ్గరలో ఉన్నది చిన్న సంస్థలకు సలహా ఇచ్చే ఎస్ఎంఈ సెంటర్. సింగపూర్ ఇండియన్ చాంబర్ నడిపేది కూడా ఒకటుంది. డబ్బు తీసుకోకుండా మీ పరిస్థితి విని ఏ గ్రాంటు సరిపోతుందో చెబుతారు, సాఫ్ట్‌వేరు అమ్మరు. వెండరును మళ్లీ కలిసేముందు అక్కడికి వెళ్లండి.

తమ్ముడికి ఇండియాలో ఇలాంటిది ఏమైనా ఉందా అని మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. ముందు అతని ఆఫీసుకు ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందో లేదో చూడమనండి. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి రెండున్నర కోట్లు, వ్యాపారం పది కోట్ల రూపాయలు దాటనంతవరకు సూక్ష్మ సంస్థే గనుక అతను అందులోనే ఉంటాడు. అక్కడ చిన్న సంస్థకు ఎక్కువగా అందేది తాకట్టు లేకుండా బ్యాంకు అప్పిచ్చేలా సీజీటీఎంఎస్ఈ అనే రుణ హామీ ట్రస్టు ఇచ్చే హామీ. అది గ్రాంటు కాదు, అప్పు, తీర్చాలి. అతనికి పని ఇచ్చేది మీరే గనుక, మీరు మోడళ్లకు మారే తేదీ అతనికి ఆరు నెలల ముందే చెప్పండి. మీరు మారి అతను టూడీలోనే ఉంటే, మీ ఇద్దరి మధ్య ఫైళ్లు మార్చుకోవడానికే ఒక మనిషి కావలసి వస్తాడు.

చివరగా కాగితాల విషయం. కొటేషను, ఆఫర్ ఉత్తరం, ఇన్‌వాయిస్, కంపెనీ ఖాతా నుంచి చెల్లించిన బ్యాంకు రుజువు, లైసెన్సులు ఎవరి పేర ఇచ్చారో చూపించే పేజీ, శిక్షణ హాజరు, మొదటి మోడలు తేదీలతో సహా అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టుకోండి. క్లెయిము గడువు ఆఫర్ ఉత్తరంలోనే ఉంటుంది, దాన్ని గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో రాయండి. నగదుగానో, సొంత ఖాతా నుంచో ఒక్క డాలరు కూడా వెండరుకు ఇవ్వకండి. అతను 'మిగతా సగంలో కూడా కొంత సర్దుతాం' అన్నది వాట్సాప్‌లో రాసి ఉంటే దానికి మీరు 'వద్దు, కొటేషన్లో ఉన్నంతే కడతాను' అని రాతపూర్వకంగానే జవాబివ్వండి, ఆ రెండు సందేశాలనూ చెరపకుండా ఉంచుకోండి.